పెట్టెచెక్కల బాత్రూం

మే 18, ఆదివారం

చర్చిలో ముగ్గురు అడిగారు, తబిత ఏదని. జి. కొండూరులో వాళ్లక్క రోజీ ఇంటికి వెళ్లింది, సెలవులు కదా అన్నాను. టీచరమ్మలకు ఎండాకాలం సెలవులుంటాయి. సెలవుల్లో అక్కగారింటికి వెళ్తారు. ఇందులో అబద్ధం ఎక్కడుంది?

పాస్టర్ గారు మాత్రం "మామిడి సీజన్ మధ్యలో వెళ్లారా?" అన్నారు. ఆయనకు ప్రతిదీ కావాలి.

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్లు జనవరిలో ఇచ్చింది. ఇన్నాళ్లూ టీవీ కింద ఎత్తు కోసం పెట్టాను. ఇవాళ తీశాను. టీవీ కొంచెం వంగింది.

మే 19

అన్నం మాడింది.

మే 20

వెళ్లేటప్పుడు తబిత అన్నది ఒక్కటే మాట. "ఆ బాత్రూంలో నేనింక అడుగు పెట్టనండీ." కేకల్లేవు, ఏడుపు లేదు. బ్యాగు తనే మోసుకుంది. బండి మీద ఆగిరిపల్లి సెంటరు దాకా దింపుతానంటే వద్దంది. ఎండలో గొడుగేసుకుని నడిచింది.

నిన్నంతా ఆ మాటే తిప్పి తిప్పి చూసుకున్నాను. చివరికి నాకు కొంత ధైర్యం వచ్చింది. పేచీ నాతో కాదు, బాత్రూంతో. మనిషితో పేచీ అయితే పెద్దమనుషులు కావాలి, గోడలతో పేచీ అయితే మేస్త్రీ చాలు.

నిజం చెప్పాలంటే దాన్ని బాత్రూం అనడమే ఎక్కువ. నాన్న పళ్లు మాగేయడానికి కట్టిన గది అది. ఇంట్లో చల్లగా ఉండేది అదొక్కటే. మా పెళ్లయిన కొత్తలో ఓ మూల కుళాయి పెట్టించి, గచ్చు చేయించి, నడుము ఎత్తు గోడ ఒకటి అడ్డం లేపాం. గోడకు ఇవతల స్నానం, అవతల వరిగడ్డిలో చిన్న రసాలు. సున్నం గోడలు, సిమెంటు నేల, ఒక మేకు, ఒక అద్దం ముక్క. సీజనంతా ట్రేలు వస్తుంటాయి, పోతుంటాయి. నాలుగేళ్ల కిందట ట్రే తగిలి గడియ ఊడింది. సీజన్ అయ్యాక పెట్టిద్దామనుకున్నాం. తర్వాత తర్వాత దాని అవసరం కనిపించలేదు. తలుపు వెనక బకెట్టు పెట్టుకుంటే సరిపోతుంది.

మాకు పిల్లల్లేరు. సీజన్లో మాత్రం ఇల్లంతా జనం.

తబితకు ఒక అలవాటుంది. స్నానం చేస్తున్నప్పుడు పెరట్లో ఎవరి అడుగు చప్పుడైనా సరే, "నేనున్నా!" అంటుంది. పిల్లి నడిచినా అంటుంది. అడక్కుండానే హాజరు పలుకుతోంది మా టీచరమ్మ అని నేను ఆటపట్టించేవాణ్ణి. ఇప్పుడు పొద్దున్నే పెరట్లోకి వెళ్తే ఆ కేక వినపడదు. ఇల్లు బోసిగా ఉంది.

మే 22

దొరికింది!

ఫోన్లో పాత ఫొటోలు చూస్తుంటే కిందటేడు తబిత పంపినది ఒకటి కనిపించింది. అప్పుడు చూడలేదు, సీజన్ కదా. ఒక బాత్రూం ఫొటో. గోడలకు రంగు వేయని పాత చెక్కలు, లాంతరు, ఇత్తడి పాత్రలో చేతులు కడుక్కునే ఏర్పాటు. కింద "పాత సామానుతో, తక్కువ ఖర్చుతో ఫామ్‌హౌస్ బాత్రూం" అని రాసుంది. అంటే ఏడాది నుంచీ మనసులో పెట్టుకుందన్నమాట. నోరు తెరిచి అడిగితే చేయించనా? మనిషి అంతే, ఏదీ అడగదు.

పాత సామాను మా ఇంట్లో ఉన్నంత ఎవరింట్లో ఉంటుంది! ప్లాస్టిక్ ట్రేలు రాకముందు నాన్న వాడిన చెక్కపెట్టెలే షెడ్డులో అటక దాకా ఉన్నాయి. స్కూలు జూన్ పన్నెండున తెరుస్తారు. తనెలాగూ అప్పటికి రావాలి. ఈలోగా పూర్తి చేయాలి.

చెప్పను. చూసి ఆశ్చర్యపోవాలి.

మే 24

ఫోన్ చేసింది. భోంచేశారా అంది. చేశానన్నాను. నువ్వో అన్నాను. చేశానంది. ఉంటానంది.

బాత్రూం సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. వేరే మాట ఏదీ రాలేదు.

మే 26

సలోమోను వచ్చాడు. మా చర్చిలో డ్రమ్ము వాయిస్తాడు, మిగతా రోజుల్లో వడ్రంగం. ఫొటో చూపిస్తే మురిసిపోయాడు.

"అన్నా, డబ్బున్నోళ్లు ఇలాంటివాటికి లక్షలు తగలేస్తున్నారు. మనకి సరుకంతా ఇంట్లోనే ఉందిగా!"

పెట్టెలు విప్పి చెక్కలు ఎండలో పరిచాం. ఒక్కొక్క దాని మీద ఎర్ర సిరాతో నాన్న కొట్టించిన అచ్చు. "ఈ వైపు పైకి ఉంచవలెను." వార్నిష్ కొడదామా అన్నాడు. వద్దన్నాను. ఫొటోలో లేదు.

గడ్డిలో మిగిలిన పళ్లు తీయించి గది ఖాళీ చేశాను. చిన్నప్పను పిలిచి, ఈ ఏడు మిగతా సరుకంతా షెడ్డులోనే మాగేయమన్నాను. మా కూలీలకు మేస్త్రీ అతను, పదేళ్లుగా మాతోనే. "అక్కడ ఎండ దెబ్బకి ఉడికిపోతాయండీ" అన్నాడు. ఉడికితే ఉడకనీ అన్నాను. నా వైపు వింతగా చూశాడు. నా నోట ఆ మాట నాకూ వింతగానే వినిపించింది.

మే 28

అమ్మ గంగాళం దించాను. దాని అడుక్కి సలోమోను కన్నం పెడుతుంటే నా గుండెకు పెట్టినట్టయింది, కానీ వాష్‌బేసిన్ మాత్రం దివ్యంగా కుదిరింది. పులుసు కాచే రాచ్చిప్ప సబ్బు పెట్టె అయింది. లాంతరులో బల్బు పెట్టాం. కాయలు కోసే గెడకు కట్టే చిక్కం పాతది ఒకటుంటే, విడిచిన బట్టలు వేయడానికి మేకుకు తగిలించాను. ఈ చివరిది ఫొటోలో లేదు, నా సొంత ఆలోచన.

కనకమ్మ అంట్లు తోమడం ఆపి వచ్చి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గొడ్లసావిడిలా ఉందండీ బాబుగారూ."

"ఇది ఫ్యాషన్, నీకు తెలీదులే."

"అమ్మగారికి చెప్పారా?"

"వచ్చాక చూస్తుంది."

"వస్తానన్నారా అండీ?"

అంట్లు తోముకోమన్నాను.

మే 30

తబిత వెళ్లేముందు ఆ రోజు జరిగిన సంగతి రాయకూడదనుకున్నాను. కానీ అది నిజంగా ఎంత చిన్నదో కాగితం మీద పెడితే నాకే తెలుస్తుంది, అందుకని రాస్తున్నాను.

నాగపూర్ షావుకారు మనిషి వచ్చాడు. అరుగు మీద నలుగురం కూర్చుని బేరం మాట్లాడుకుంటున్నాం. పళ్లు చూస్తానన్నాడు. అటువైపు గది అని చెయ్యి చూపించాను. తబిత లోపలుందని నాకు తెలియదు. తెలిస్తే చూపిస్తానా? వాడు నడిచాడు. అడుగుల చప్పుడు వినగానే తబిత "నేనున్నా! నేనున్నా!" అంది. గట్టిగానే అంది, అరుగు మీదికి మాకు వినిపించింది. వాడికి తెలుగు రాదు. తలుపు తోశాడు. బకెట్టు ఖాళీది, జారిపోయింది.

వాడు చెంపలేసుకుంటూ వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. ఆ పరుగు చూసి అరుగు మీద వాళ్లు నవ్వారు. నేను విషయం తేలిక చేద్దామని, "బకెట్టు నిండా నీళ్లు పట్టుకుంటే పోయేది కదా" అన్నాను.

అంతే. చదివి చూసుకుంటే ఎవరి తప్పూ కనిపించదు.

ఇంకోసారి చదివాను.

జూన్ 1, ఆదివారం

ప్రార్థన అయ్యాక పాస్టర్ గారు, కుటుంబాల కోసం ప్రత్యేకంగా ప్రార్థిద్దాం అన్నారు. అందరి కళ్లూ మూసే ఉన్నాయి. అయినా నా వీపు మండింది.

ఇంటికొచ్చి రసం ఒకటి తిన్నాను. ఈ ఏడు రసాలు తేనె. తబిత ఉంటే పండును పిసికి మెత్తగా చేసి, ముచ్చిక కొరికి, ఇంద అని ఇచ్చేది. మొదటి చుక్క సొన, నోరు పొక్కుతుందని తనే పిండి పారేసేది. ఇవాళ నేను మర్చిపోయాను. పెదవి మండుతోంది. షెడ్డు నిండా పళ్లు, తినడానికి నేనొక్కణ్ణి. దిగులుగా ఉంది. ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను, చాలా దిగులుగా ఉంది.

జూన్ 4

చెక్కలన్నీ బిగించడం అయింది. సలోమోను ఒకటి తలకిందులుగా కొట్టాడు. "ఈ వైపు పైకి" అన్నది నేలను చూస్తోంది. ఉండనీ, తబిత నవ్వుతుంది.

జూన్ 5

రాత్రి వాన పడింది. పొద్దున తలుపు తీసేసరికి గది నిండా మామిడిపండు వాసన! ఒక్క కాయ లేదు. చెక్కలకు పట్టిన రసం. ఎన్నో సీజన్ల రసం, తడి తగిలేసరికి లేచింది. సాయంత్రానికి చీమలు బారులు కట్టాయి. పసుపు చల్లాను. చిన్న ఈగలు కూడా చేరాయి.

చీమలను పక్కన పెడితే ఆ వాసన నాకు బ్రహ్మాండంగా ఉంది. డబ్బులు పోసినా రాదు. ఫొటోవాళ్ల బాత్రూంలో ఇది ఉందా?

జూన్ 7

నేనే ఫోన్ చేశాను. రోజీ వదినగారు ఎత్తారు. "బాగున్నారా?" అన్నారు, అది అడిగినట్టు లేదు. తబితకిచ్చారు.

మంగళవారం వస్తానంది. స్కూలు చీరలు, పుస్తకాలు తీసుకోవాలంది.

తీసుకోవాలి అంది. సర్దుకోవాలి అని ఉంటుంది. ఫోన్లో సరిగ్గా వినపడదు.

జూన్ 9

కొత్త తువ్వాలు, కొత్త మగ్గు, కొత్త బకెట్టు. చందనం సబ్బు. అద్దం తుడిచాను. లాంతరు వెలిగించి బయట నిలబడి చూశాను. తలుపు సందులోంచి పసుపు వెలుతురు. చాలా బాగుంది.

జూన్ 10, మంగళవారం

పదకొండు గంటల బస్సుకు వచ్చింది. కొంచెం చిక్కింది. చేతిలో రెండు ఖాళీ సంచులు. నేను వాటి వైపు చూడలేదు.

మంచినీళ్లు ఇచ్చాను. తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించింది. చుట్టాలింట్లో చేసినట్టు చేసింది.

"నీకొకటి చూపించాలి" అని పెరట్లోకి తీసుకెళ్లాను. తలుపు తెరిచాను. లాంతరు ముందే వెలిగించి పెట్టాను.

తబిత గడప దగ్గర ఆగింది. ముక్కు దగ్గరికి కొంగు వెళ్లింది.

"ఇంకా కాయలున్నాయా లోపల?"

"ఒక్కటి లేదు. అంతా ఖాళీ చేయించాను. చెక్కల వాసన అది."

"అదే వాసన" అంది.

లోపలికి వెళ్లింది. గంగాళం మీద చెయ్యి పెట్టి చూసింది, చెక్క మీది నాన్న అచ్చు చదివింది. తలకిందుల చెక్క కనపడలేదో, కనపడినా నవ్వలేదో. "ముఖం కడుక్కుంటాను, ఎండలో వచ్చాను" అంది. నేను పక్కకు తప్పుకున్నాను. తలుపు మూసుకుంది.

అప్పుడు వినిపించింది. గచ్చు మీద బకెట్టు ఈడ్చిన చప్పుడు. కొత్త బకెట్టు. తలుపు వెనక్కి ఈడ్చుకుంది. దాని మీద కుళాయి తిప్పింది. బకెట్టు నిండేదాకా నీళ్లు పడుతూనే ఉన్నాయి. నేను పెరట్లో నిలబడి మొత్తం విన్నాను.

ముఖం తుడుచుకుంటూ వచ్చింది. అరుగు మీద కూర్చున్నాం.

"బాగా కష్టపడ్డారు" అంది.

"నువ్వు పంపిన ఫొటోలో ఉన్నట్టే చేయించాను."

"నేను పంపానా? ఏ ఫొటో అండీ?"

చూపించాను. ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదా. ఇది మా స్కూల్లో సుజాతకి పంపాల్సిందండీ, వాళ్లు కొత్తిల్లు కట్టుకుంటున్నారుగా. పొరపాటున మీకొచ్చినట్టుంది."

ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ఎదురుగా చింతచెట్టు మీద కాకి ఒకటి అరుస్తూనే ఉంది. తనే అంది.

"నూజివీడులో ఓ గది చూసుకున్నాను. స్కూలు వెనక వీధిలోనే. రేపు దిగుతున్నాను."

అంత మాట విన్నాక ఎవరైనా ఎందుకని అడుగుతారు. నేనేం అడిగాను?

"అక్కడ బాత్రూం ఎలా ఉంది?"

"చిన్నదండీ. రంగు కూడా వెయ్యలేదు. గడియ ఉంది."

"గడియదేముంది తబితా! సలోమోనుకి చెప్తే అరగంట పని."

"నాలుగేళ్ల నుంచీ అరగంట పనేనండీ."

కోపంగా అనలేదు. పిల్లలకు లెక్క చెప్పినట్టు అంది. నాకే కోపం వచ్చింది.

"వాడెవడో తెలీక తలుపు తోస్తే దానికి నేనా బాధ్యుణ్ణి?"

"అతను తెలీకే తోశాడు. అతని మీద నాకు కోపం లేదు. మీరు నవ్వారు."

"అందరూ నవ్వారు."

"అందరూ నా మొగుడు కాదు కదండీ."

సంచులు నింపుకుంది. ఈసారి సెంటరు దాకా బండి మీద దింపనిచ్చింది. బస్సు వచ్చేదాకా ఇద్దరం నీడలో నిలబడ్డాం. నా చొక్కా మీద చీమ పాకుతుంటే తీసేసింది. బస్సెక్కింది.

జూన్ 11

ఇవాళ ఏమీ లేదు.

జూన్ 12

స్కూళ్లు తెరిచారు. యూనిఫాంలేసుకున్న పిల్లలతో ఆటోలు పోతున్నాయి.

ట్రేల పని ఉందని హనుమాన్ జంక్షన్ వెళ్లాను. ట్రేల పని లేదు. ఇనుప సామాను కొట్లో గడియ కొన్నాను. చిన్నది చాలా, పెద్దది కావాలా అన్నాడు. పెద్దది, గట్టిది అన్నాను. ఇంట్లో ఎంతమంది ఉంటారు అన్నట్టు చూశాడు. అతను అలా చూసి ఉండడు, నాకే అనిపించింది.

సలోమోను గన్నవరంలో పనికి వెళ్లాడట. ఎప్పుడొస్తాడో తెలియదు.

గడియ టీవీ కింద పెట్టాను. ఎత్తు సరిపోయింది.

జూన్ 14, శనివారం

పొద్దున స్నానానికి వెళ్లాను. చెక్కలు తడిసి వాసన. ఇన్నాళ్లూ బాగుందనుకున్నాను గానీ ఇవాళ వెగటుగా ఉంది. తలుపు ఎప్పుడూ వేసినట్టే ఊరికే దగ్గరగా వేశాను. నేనెప్పుడూ బకెట్టు అడ్డం పెట్టుకోలేదు. మగాణ్ణి, ఇల్లు నాది.

ఒంటికి సబ్బు రాసుకుంటుంటే పెరట్లో చెప్పుల చప్పుడైంది. ఇద్దరో ముగ్గురో. అటే వస్తున్నారు. దగ్గరికి వస్తున్నారు. ముందుకురికి భుజంతో తలుపు అదిమిపెట్టాను. సబ్బు కాళ్లు గచ్చు మీద జారుతున్నాయి. నోట్లోంచి కేక దానంతటదే వచ్చింది.

"నేనున్నా! నేనున్నా!"

"తెలుసండీ, పెరట్లో ట్రేల కోసమొచ్చాం" అన్నాడు చిన్నప్ప బయట నుంచి. వెనక ఎవరో నవ్వారు. నన్ను చూసి కాదు, వాళ్లలో వాళ్లు ఏదో అనుకుని నవ్వారు. వెళ్లిపోయారు.

కళ్లలోకి సబ్బు పోయింది. తలుపు వదలడానికి చాలాసేపు పట్టింది. తబిత ప్రతి సీజన్లో, రోజూ ఇలా కేక వేసేది. నేను అరుగు మీద కూర్చుని హాజరు అనేవాణ్ణి.

సలోమోను కోసం ఆగలేదు. మధ్యాహ్నం నేనే బిగించాను. వడ్రంగం నాకు రాదు. మొదట వంకర పోయింది, విప్పి మళ్లీ కొట్టాను. చెయ్యి చితికింది. చివరికి పడింది. లోపలికి వెళ్లి వేసుకుని చూశాను. బాగానే ఉంది.

తర్వాత ఫోన్ చేశాను.

"చెప్పండి" అంది.

"భోంచేశావా?"

"చేశాను. మీరో?"

చేశానని చెప్తే ఉంటానంటుంది. అందుకని ఆ మాట చెప్పలేదు.

"ఇవాళ స్నానం చేస్తుంటే చిన్నప్పావాళ్లు పెరట్లోకి వచ్చారు. నేనున్నా అని అరిచాను."

ఫోన్ పెట్టేసిందనుకున్నాను. వెనక ఎక్కడో స్కూటర్ హారన్ వినిపించింది, అంటే పెట్టేయలేదు.

"భయమేసిందా?" అంది చివరికి.

"వేసింది."

గడియ బిగించానని చెప్దామనుకున్నాను. చెప్పబుద్ధి కాలేదు. చెప్తే మళ్లీ బాత్రూం గురించే అవుతుంది.

"రేపు చర్చి అయ్యాక నీ గది దగ్గరికి రానా?"

"ఎందుకండీ?"

"ఊరికే. రసాలు తెస్తాను. చివరి కాపు."

ఆలోచించుకుంది. వద్దంటుందనుకున్నాను.

"వస్తే తలుపు కొట్టండి" అంది. "కొట్టి, ఆగండి."

ఆగుతానన్నాను.